మదారు జట్కా దిగి నడిచిన కాలం

ఆ రోజుల్లో కోట ఊళ్ళో బస్సు ఆగే చోట జట్కాలు నాలుగైదు ఉండేవి గానీ, ఆడవాళ్ళు ఏరికోరి ఎక్కేది మాత్రం మదారు సాహెబు జట్కా. దానికి తెర ఉండేది. మదారు భార్య జాన్‌బీ ముదురాకుపచ్చ గుడ్డతో కుట్టిన తెర అది. మామూలప్పుడు పైకి చుట్టి కట్టి ఉండేది. దించారంటే లోపల ఒంట్లో బాగాలేని ఆడమనిషి ఉందనీ, బండి ఊరి చివరి ఆసుపత్రికి పోతోందనీ ఊరందరికీ తెలుసు. మదారు గుర్రం చాందినికి ఇంకా బాగా తెలుసు. తెర దిగిన చప్పుడు వింటే చాలు, పగ్గం లాగే పని లేకుండా ఆసుపత్రి దారి పట్టేది.

ఆ ఆసుపత్రిలో ఎలిశబెతమ్మ అని డాక్టరమ్మ ఉండేది. తెర వెనక కూర్చున్న వాళ్ళలో సగం మంది దారి మధ్యలో బండి వెనక్కి తిప్పమని ఏడ్చేవాళ్ళు. మదారు తల తిప్పకుండానే ప్రతి ఒక్కరికీ అదే మాట చెప్పేవాడు. "డాక్టరమ్మ దగ్గర సిగ్గేందమ్మా. నువ్వు చెప్పకపోతే ఆమెకెట్ట తెలస్తాది?" ఆ మాట అంత తేలిగ్గా వచ్చేది ఆయనకు. చెప్పుకోలేని జబ్బు తనకు రానంతకాలం ఎవరికైనా తేలికే.

పంతొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో ఆయనకు మొలలు వచ్చాయి.

మొదట వేడి అనుకున్నాడు. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాడు, ఎండుచేపలు మానేశాడు, మజ్జిగలో ఉల్లిపాయ నంజుకున్నాడు. వేడి తగ్గలేదు, రక్తం మొదలైంది. ఇనప పట్టా చక్రాల బండి మీద, కంకర రోడ్డు మీద, చెక్క అంచున కూర్చునే మనిషికి మొలలంటే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. రోడ్డులో ఏ రాయి ఎక్కడుందో ఆయన ఒంటికి తెలిసిపోయింది. ఇక తట్టుకోలేక ఒకరోజు దిగి, కళ్ళెం పట్టుకుని గుర్రం పక్కనే నడిచాడు. మర్నాడూ నడిచాడు. ముందు తన బరువు లేకపోతే బండి వెనక్కి తూగుతుంది కాబట్టి, ఎక్కిన వాళ్ళను ముందుకు జరిగి కూర్చోమని బతిమాలేవాడు.

ఊరు ఊరుకుంటుందా. ఎండలో గుర్రానికి భారమని మదారు తాను దిగి నడుస్తున్నాడని పేరొచ్చింది. బడిపంతులు ముత్యాలయ్య గారు, నోరులేని జీవాల మీద దయ అంటే ఏమిటో మదారును చూసి నేర్చుకోమని పిల్లలకు చెప్పారు. మసీదు దగ్గర పెద్దవాళ్ళు భుజం తట్టారు. మదారు తల వంచుకుని ఊరుకున్నాడు. వినయం అనుకుని ఇంకా మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఒకటి కొత్తగా మీద పడ్డాక నిజం చెప్పడం మరీ కష్టమైంది.

ఊరి కళ్ళు కప్పాడు గానీ జాన్‌బీ కళ్ళు కప్పలేకపోయాడు. పెళ్ళయినప్పటి నుంచీ తాగిన చెంబు కూడా కడగని మనిషి, తెల్లారకముందే బావి దగ్గర లుంగీ ఉతుక్కుంటున్నాడు. ఆమె ఒకరోజు ఆ లుంగీ లాక్కుని చూసింది. గోడ వైపు తిరిగి పడుకుని ఆయన ఉన్నదంతా చెప్పాడు. ఆమె కాసేపు ఏడ్చింది, తర్వాత కాసేపు తిట్టింది, ఆ తర్వాత ఆసుపత్రికి బయల్దేరమంది.

"ఆడమనిషి ముందర నేనెట్ట చూపించేది మే? ఆ మాట మాత్రం అనబాక," అన్నాడు మదారు.

ఆయనకు ఇంకో భయం కూడా ఉంది. ఆయన మేనమామను ఇదే జబ్బుకు మద్రాసు తీసుకుపోయి కోశారు. ఆయన తిరిగి రాలేదు. అందుకని వారం సంతలో గుడారం వేసే మొలల మందు మనిషి దగ్గరికి పోతానన్నాడు. వాడు మగవాడు, పైగా ఏ ఊరివాడో తెలియదు, మళ్ళీ మొహం చూడక్కర్లేదు. వాడు రాసే మంటమందుతో పట్టపుపాలెం గంగులయ్య నెలరోజులు బోర్లా పడుకుని కేకలు పెట్టాడని జాన్‌బీ గుర్తుచేసింది. మదారు వినలేదు. ఈలోగా రక్తం పోయి పోయి ఒకనాడు గుర్రం పక్కన నడుస్తూనే కళ్ళు తిరిగి పడ్డాడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, తాను పోతే చాందినిని మంచి చేతుల్లో పెట్టమని భార్యకు చెప్పాడు.

సంత రోజు ఆమె మారు మాట్లాడకుండా బండి కట్టింది. అంత సులువుగా ఒప్పుకున్నందుకు మదారుకు అనుమానం రావలసింది, రాలేదు. లోపల గడ్డి పరిచి బోర్లా పడుకోబెట్టి, జనం కంట పడకుండా తెర దించింది. కళ్ళెం పట్టుకుని తాను ముందు నడిచింది. ఎన్నేళ్ళుగానో ఆడవాళ్ళు ఏడ్చిన చోట మదారు ఆ గడ్డిలో మొహం పెట్టుకుని పడుకున్నాడు. తెర లోపల ఇంత ఉక్కగా ఉంటుందనీ, దారి ఇంత పొడుగనీ ఆయనకు అప్పుడే తెలిసింది.

బండి ఆగింది. సంత గోల వినిపించలేదు, ఫినాయిల్ వాసన వచ్చింది.

"ఎక్కడికి తెచ్చినావు మే?" అన్నాడు లోపలి నుంచి, నెమ్మదిగా.

"నేను తేలేదు. తెర దిగింది గదా, అదే వచ్చింది," అంది జాన్‌బీ.

సంతకూ ఆసుపత్రికీ దారులు చీలే చోట కళ్ళెం ఎటు తిరిగిందో ఆమెకూ చాందినికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆమె చచ్చేదాకా గుర్రం మీదే పెట్టింది.

ఎలిశబెతమ్మ అలవాటు ప్రకారం వరండా దిగి వచ్చి, లోపల ఎవరమ్మా అని అడిగింది. తమ ఇంటాయనేనని చెప్పి జాన్‌బీ తల దించుకుంది. డాక్టరమ్మ నవ్వలేదు. తెర ఎత్తకుండా బయటే నిలబడింది.

"సిగ్గేందమ్మా, నువ్వు చెప్పకపోతే ఆమెకెట్ట తెలస్తాది?" అంది. "ఈ మాట చెప్పి నువ్వు ఎంతమందిని నా దగ్గరికి తెచ్చావో నాకు తెలుసు మదారూ. వాళ్ళంతా నీ మాట విని దిగారు."

కాసేపటికి తెర కదిలింది. మదారు వెనక నుంచి దిగాడు.

పరీక్ష అయ్యాక కోత అక్కర్లేదని చెప్పింది డాక్టరమ్మ. గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో కూర్చోమంది, పూతమందు ఇచ్చింది, రక్తం పట్టడానికి మాత్రలు ఇచ్చింది. ఆకుకూరలు, తవుడు తీయని బియ్యం తినమంది. దారిలో దిగాల్సి వస్తుందని పగలంతా నీళ్ళు తాగని అలవాటును గట్టిగా కోప్పడింది. గుర్రం మీద ఇంకొన్నాళ్ళు ఇలాగే దయ చూపించి ఉంటే జాన్‌బీ ఆయన్ని ప్రాణంతో వెనక్కి తీసుకుపోయేది కాదని కూడా అంది. మదారు పెద్దగా ఏడ్చాడు. చచ్చిపోతానేమోనని ఇన్నాళ్ళూ ఒక్కడే భయపడ్డ మనిషి, ఏడవక ఏం చేస్తాడు.

వానలు పడేనాటికి ఆయన మళ్ళీ బండెక్కాడు, జాన్‌బీ కుట్టిన దూదిమెత్త మీద. దయ ఏమైందని ఎవరైనా అడిగితే వయసైందని తప్పించుకునేవాడు. మంచిపేరు మాత్రం అలాగే ఉంది.

ఒకరోజు పాలెం నుంచి మాలకొండయ్య తన భార్య కామమ్మను తీసుకొచ్చి ఎక్కించాడు. తెర దిగింది. సగం దారిలో ఆమె సన్నగా ఏడుస్తూ, "వెనక్కి తిప్పన్నా, నేను చెప్పలేను," అంది. మదారుకు పాత మాట నోటిదాకా వచ్చింది. అనలేకపోయాడు. చాందినిని ఆపి, మొదటిసారి తల తెర వైపు తిప్పాడు. పక్కన మాలకొండయ్య ఉన్నాడు, విన్నది సాయంత్రానికి పాలెమంతా చెప్పే మనిషి. అది తెలిసీ మదారు నోరు విప్పాడు.

"నాకు మొలలమ్మా. గుర్రం మీద దయ కాదు, కూర్చోలేక నడిచినాను. ఈ తెర వెనకాల్నే, నువ్వు కూర్చున్న చోటే, బోర్లా పడుకుని పోయినాను. నాకూ చెప్పుకోలేకనే పానం మీదికొచ్చింది."

మాలకొండయ్య నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తెర వెనక ఏడుపు ఆగింది.

"సరేన్నా, బండి పోనీ," అంది కామమ్మ.