కోర్టు మధ్యలో నా కుర్చీ

శ్రీహరికోటకు దగ్గర్లోనే మా ఊరు. నిరుడు మా పార్కులో కానుగ చెట్లు కొట్టేసి పికిల్‌బాల్ అని ఏదో బ్యాటూ బంతీ ఆటకి కోర్టు కట్టారు. సాయంత్రాలు మేం ఆడవాళ్లం కూర్చుని కబుర్లాడుకునే నీడ ఆ చెట్లదే. ఆట మొదలుపెట్టిన రోజే ఒళ్లు మండి, ఇంట్లోంచి మడతకుర్చీ తెచ్చి కోర్టు మధ్యలో వేసుకుని కూర్చున్నాను.

"లేయండక్కా, మేం ఆడుకోవాల," అని బ్యాటు పట్టుకున్న అమ్మాయి బతిమాలింది.

"నేను లేచేది లేదు. ఎవురికి చెప్పుకుంటావో చెప్పుకో పో!" అని అరిచాను. జనం మూగి, ఫోన్లు నా మీదికెత్తారు. సిగ్గుతో తల వంచుకున్నానే గానీ కదల్లేదు.

ఉన్నట్టుండి ఆ ఫోన్లన్నీ ఆకాశం వైపు తిరిగాయి. రాకెట్టు! ఇన్నేళ్లూ ఆకుల సందుల్లో ముక్కలుగా చూసిన వెలుగు, ఆ మునిమాపు వేళ నిండుగా, మబ్బుల్లో కరిగిపోయేదాకా కనిపించింది. తర్వాతెప్పుడో చప్పుడు వచ్చి గుండెల్లో మెల్లగా దొర్లింది. తేరుకుని చూస్తే, నేను కుర్చీ మీదికెక్కి నిలబడి ఉన్నాను. పడిపోకుండా ఆ అమ్మాయి నా నడుం పట్టుకుని ఉంది.

దిగి, కుర్చీ మడిచి, "ఇంక ఆడుకో తల్లీ," అన్నాను.

ఆ చెట్ల మీద బెంగ నాకింకా తీరలేదు. కానీ రాకెట్టు ఎగిరే రోజు ఆట ఆపి, కోర్టు మధ్యలో నాకు కుర్చీ వేసేది ఆ అమ్మాయే.