హిల్యా ఏరిన పప్పు

మా ఊళ్లో బిడ్డ పుడితే ముందుగా ఒంటికి పట్టించేది మరూలా చెట్టు కాయల టెంకల్లోంచి తీసిన నూనె. ఆ నూనెకు పప్పు తీయడంలో హిల్యా తర్వాతే ఎవరైనా అని మా అమ్మ కాలం నుంచీ చెప్పుకునేవారు. మరూలా టెంక రాయిలా ఉంటుంది. గొడ్డలి అంచు మీద పెట్టి కొడితే పగలాలి, లోపలి పప్పు చితకకూడదు. దాన్ని సూదితో పైకి తీసి, బూజు పట్టినదాన్ని పారేయాలి. హిల్యా కబుర్లాడుతూనే ఇదంతా చేసేది. పైగా కొత్త కోడళ్ల బుట్టల్లో చెయ్యి పెట్టి కెలికి, "ఇది నూనెకా, కోళ్లకా?" అని అందరూ వినేలా అడిగేది.

ఆ మాట అందరికంటే ఎక్కువగా పడింది తుయోలెని. సరిహద్దు అవతల అంగోలా నుంచి మా ఊరికి కోడలిగా వచ్చిన పిల్ల. యాస వేరు, చుట్టాలు దూరం. హిల్యా పక్కనే కూర్చుని టెంకలు కొట్టేది.

ఆ ఏడు అకాలంగా వాన పడి, గాదెలో దాచిన టెంకలు తడిసి, కొన్నిటికి లోపల బూజు పట్టింది. అదే సమయానికి మా పొరుగింటి రౌహాకు మనవరాలు పుట్టింది. హిల్యా, తుయోలెని కలిసి తీసిన పప్పునే దంచి, వేడినీళ్లు చిలకరించి, పిసికి నూనె తీశాం. రెండు రోజులు ఆ నూనె రాసేసరికి పాప మెడ మడతల్లో ఎర్రగా పొక్కింది. రౌహా ఆ సీసా పట్టుకుని, మేం పనిచేసే చెట్టు నీడకు వచ్చింది.

"వాసన చూడండి! బూజు కంపు! ఎవరు తీశారీ పప్పు?"

అందరి కళ్లూ తుయోలెని వైపు తిరిగాయి.

"హిల్యా చేతిలోంచి ఇలాంటిది రాదు. ఇది నీ నిర్వాకమే పిల్లా" అంది రౌహా.

"నేను బూజు పప్పు వెయ్యలేదు పెద్దమ్మా. కావాలంటే హిల్యా అవ్వనడుగు."

హిల్యా తల వంచుకుని సూది తుడుచుకుంటోంది. "ఈ కాలం పిల్లలకు తొందరెక్కువ" అంది.

అంతే. తుయోలెని గొడ్డలి తీసుకుని లేచి వెళ్లిపోయింది.

ఇంటికెళ్లిన హిల్యా బుట్ట అడుగున మిగిలిన తన పప్పును ఒక్కొక్కటే కొరికి చూసిందట. సగానికి సగం చేదు. ఆమె కళ్లకు పొర కమ్మి చాలాకాలమైంది, ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా నీడలోకి రమ్మంటే చలిగా ఉందని చెప్పి ఎండలోనే కూర్చునేది. అక్కడైతే పప్పు కాస్త కనిపించేది. ఆ రోజు నుంచీ చర్చిలో వెనక బల్ల మీద కూర్చునేది. "నీలాంటి పనిమంతురాలు మళ్లీ పుట్టదు" అని ఎవరన్నా అంటే చెంప మీద కొట్టినట్టు ముఖం తిప్పుకునేది.

చివరికి క్షమాపణగా ఇవ్వడానికి చంకలో కోడిపెట్టను పెట్టుకుని తుయోలెని ఇంటికి వెళ్లింది. ఆ పిల్ల సజ్జలు దంచుతోంది.

"తల్లీ, ఆ బూజు పప్పు నాదే. నాకు కళ్లు ఆనటం లేదు."

"తెలుసవ్వా. నీ పక్కన కూర్చునేది నేనేగా."

"మరి ఆ రోజే చెప్పకపోయావా?"

"నేను చెబితే నమ్మేవాళ్లా? నువ్వు చెబుతావని చూశా." రోకలి ఆపింది. "నన్ను నలుగుర్లో అన్నారు. ఇక్కడ నా చెవిలో చెబితే ఏం లాభం? ఆ కోడిని పట్టుకుపో."

మర్నాడు మా మధ్యకు వచ్చి హిల్యా నిలబడింది. తల గుడ్డ కొసను వేళ్లకు చుట్టుకుంటూ, ఉన్నదున్నట్టు చెప్పింది. రౌహా ముఖం నల్లబడింది. "కోడళ్లందరి పప్పూ కోళ్లకేనన్నావు గదే!" అంది. ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"అన్నాను. అనడానికి నోరొచ్చింది. కళ్లు పోయాయని చెప్పడానికి మాత్రం రాలేదు" అంది హిల్యా.

రౌహా ఆ సాయంత్రమే వెళ్లి తుయోలెనిని బతిమాలి తీసుకొచ్చింది. మంచి నూనె రాశాక పాప మెడ మానింది. తుయోలెని మళ్లీ పనికి వస్తోంది కానీ, కూర్చునేది మాత్రం హిల్యాకు దూరంగా, ఆ చివర. హిల్యా సూది వదిలేసి, దంచిన పప్పు పిండి పిసికే పనికి మారింది. దానికి చేతులు చాలు.

మొన్న తుయోలెనికి కొడుకు పుట్టాడు. మా నూనె అడగలేదు. సరిహద్దు అవతల నుంచి వాళ్లమ్మ చేత తెప్పించుకుంది. ఆ సంగతి రౌహా వచ్చి చెప్పినప్పుడు హిల్యా మోచేతుల దాకా పిండిలో ఉంది. పిసుకుతూనే ఉంది, తలెత్తలేదు.