ఎండిన బోరుకు బ్యాలెన్స్

పల్లెల్లో సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ పోయే బస్సులో, పక్క సీటు రైతుకు మా సంస్థ పథకం గురించి హుషారుగా చెప్పాను. బోరులో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో వారం వారం మెసేజ్ పంపితే, ఫోన్లో మేం బ్యాలెన్స్ వేస్తాం.

ఆయన చివరిదాకా విని, తన ఫోన్ తీసి తువ్వాలతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

“నేను గూడ పంపుతున్న సారూ. బోరు ఎండిందని మొన్న మెసేజ్ పెట్టిన. ఎంబడే బ్యాలెన్స్ పడ్డది. గిప్పుడు దాంతోని ఎవలికి ఫోన్ చెయ్యాలె?”

వెటకారమనుకుని నవ్వబోయాను. కాదు. నేనేదో నంబరు నొక్కి ఇస్తానని ఆయన నిజంగానే ఎదురుచూస్తున్నాడు.

ఫోన్ ఆయన చేతికిచ్చేసి, నేను దిగాల్సిన బిజినేపల్లి రాకముందే బస్సు దిగిపోయాను.