రెండోసారి ఎత్తిన చెయ్యి

ఈ జిల్లా మహాసభలో కార్యదర్శి పదవి వదిలేసి తీరతానని నా భార్యకు మాటిచ్చాను. ఆమెకు వారానికి రెండుసార్లు చిక్కబళ్ళాపురంలో డయాలసిస్. బాగేపల్లి నుంచి ఒక్కతే పోయి వస్తుంది. ఊరందరికీ తోడుండే మొగుడు ఉన్నాడు, ఏం లాభం? సభ రోజునే ఆమె పోవాల్సి ఉంది; సభ ముగిశాక మధ్యాహ్నం బస్సుకు నేనూ వస్తానన్నాను.

మా పార్టీలో ఒక అలవాటుంది. నేను పెట్టిందే. ఏ తీర్మానానికైనా మొదటిసారి ఎవరి ఇష్టం వాళ్ళది. ఎక్కువ చేతులు ఎటు లేస్తే, రెండోసారి అందరూ అటే ఎత్తాలి, ఓడినవాళ్ళతో సహా. దానికి ఐకమత్యమని పేరుపెట్టి ఊరూరా పాఠాలు చెప్పిన ఘనుణ్ణి నేను.

కొన్నేళ్ళ కింద చింతామణి సభలో, కెంచార్లహళ్ళిలో పార్టీ రైతు సంఘం పని చూసే నా పాత స్నేహితుడు, తల్లి మంచాన పడిందని, తనను పని నుంచి తప్పించమని అడిగాడు. ఇంట్లో కష్టం లేనివాడు ఇక్కడ ఎవడయ్యా అని అందరి ముందూ గదమాయించాను. చప్పట్లు మోగాయి. రెండోసారి అతని చేత కూడా చెయ్యెత్తించాను. ఆ తల్లి చనిపోయిన రోజు అతను జంగమకోటెలో మా ఊరేగింపు నడిపిస్తున్నాడు.

ఇప్పుడు ఈ సభలో నేను లేచి ఇంటి సంగతి చెప్పి, పదవి నుంచి తప్పించమన్నాను. సిగ్గేసింది. నువ్వు లేకుంటే జిల్లా ఏమైపోవాలని అధ్యక్షుడు నవ్వేశాడు. నేనే ఉండాలని హాలంతా చేతులెత్తింది. నన్ను వదలాలని లేచింది ఒక్క చెయ్యే, నా కెంచార్లహళ్ళి స్నేహితుడిది.

"పోనీండప్పా ఆయప్పని," అన్నాడు. "మనిషి ఉండేటప్పుడే పోవల్ల ఇంటికి."

నా వైపు మాత్రం చూడలేదు. నేల చీలితే బాగుండనిపించింది.

రెండోసారి ఎత్తమన్నారు. అతనూ మెల్లగా ఎత్తాడు. వేదిక మీద నా చెయ్యి ఒక్కటే ఒళ్ళో మిగిలింది. అందరూ దాన్నే చూస్తున్నారు. దొడ్డి కట్టింది నేనే, తడిక మూసుకోవలసిందీ నేనే. ఎత్తాను.

ఎర్ర కండువా కప్పారు. దాంతోనే బయటికొచ్చి నా భార్యకు ఫోన్ చేశాను. అవతల కండక్టరు కేక వినబడింది. యాడుండావని అడిగాను.

"బస్సులో ఉండా," అంది. "నీకని పక్క సీటు కొంచేపు పట్టినా. ఎవరో ముసలామె నిలబడలేకుండా ఉంటే ఇచ్చేసినా."