మామ్మ ఎడమచెయ్యి

మా అక్క నిశ్చితార్థాన్ని ఒక్క చెక్కముక్కతో పెటాకులు చేయబోయిన ఘనత నాది. వినండి, నవ్వండి, తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి.

బర్మాలో, యాంగోన్‌లోని సంచౌంగ్ బజారు పక్కన మాకు దోసెల కొట్టుంది. అప్పట్లో పై వాటాలో ఒక జపాన్ ఆవిడ అద్దెకుండేవారు. చెక్క మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, కాగితం మీద అచ్చు తీసే విద్య ఆవిడది. ఇక్కడ పంతులమ్మల్ని పిలిచినట్టే ఆవిడనూ 'సయామ' అనేవాళ్లం. నేను ఆవిడ శిష్యురాలినయ్యాను. ఒక వానాకాలమంతా ఉలికి పదును పెట్టడమే నేర్పారు. నాకేమో సగం జపాన్ అప్పటికే నా చేతికి వచ్చేసినంత పొగరు.

నాన్నకి ఇదంతా కిట్టేది కాదు. "మామ్మ అచ్చింతలేత్తన్నట్టు బొమ్మ చెయ్యి, అక్క నిచ్చితార్తానికి. దలా పెళ్లోరికి నచ్చిందా, నేర్సుకో. నేదా, రేపట్నించి పెనం కాడ కూకో" అన్నాడు.

ఇక్కడో కిటుకు చెప్పాలి. చెక్క మీద కుడివైపున్నది అచ్చులో ఎడమవైపుకి వస్తుంది. అందుకే బొమ్మని పల్చటి కాగితం మీద మామూలుగా గీసి, చెక్కకు బోర్లా అతికించి చెక్కుతారు. అతికించడంలో తిరగబడిన బొమ్మ అచ్చులో మళ్లీ సరిగ్గా వస్తుంది. సయామ చిలక్కి చెప్పినట్టు చెప్పారు. నా తెలివి ఊరుకుంటుందా? ముందుజాగ్రత్తగా మామ్మని కాగితం మీదే తిరగేసి గీశాను. ఆపైన బోర్లా కూడా అతికించాను!

అచ్చు తీశాక మామ్మ ముడతలు చూసి మురిసిపోయానే గానీ, చెయ్యెవరు చూశారు? సయామకైనా చూపించకుండా రంగు కాగితంలో చుట్టేశాను.

నది అవతలి దలా నుంచి మగపెళ్లివాళ్లు పడవలో వచ్చి దిగారు. అక్కకి కాబోయే అత్తగారు బొమ్మ విప్పి, మొహం ముడిచి, అమ్మ వైపు తిరిగింది.

"ఏటొదినా, ముసలమ్మ ఎడం సేత్తో అచ్చింతలేత్తన్నాదేటి? మావోడికిది దీవెనా, సాపమా?"

మామ్మ బొమ్మ లాక్కుంది. "ఓలమ్మో! నానెప్పుడే ఎడం సెయ్యెత్తాను?"

అక్క కళ్లలో నీళ్లు. నాకు పెనం సెగ అప్పుడే మొహానికి తగిలింది. భయంతో అరిచాను: "అద్దంలో చూడండత్తా, కుడిచెయ్యే!"

ఆవిడ నిజంగానే బొమ్మని గోడ అద్దం ముందు పెట్టి చూసింది. పకపకా నవ్వింది. "అలగయితే బొమ్మతో పాటు ఈ అద్దం కూడా అట్టుకుపోతాం!"

పట్టుకుపోయారు కూడా.

వాళ్లు వెళ్లాక నాన్న నిలదీశాడు. జరిగిందంతా చెప్పాను. గోడ మీద అద్దం పోయిన ఖాళీని కాసేపు చూసి, నిట్టూర్చాడు.

"రెండుమాట్లు తిరగేసేవా? నీకు పెనం వొద్దే తల్లీ. కాలిన దోసె మళ్లీ తిరగేసి మాడ్సేత్తావు. ఆ సయామ కాడికే పో!"

కనుక మహాజనులారా, ఇకపై ఏ ముసలమ్మనీ రెండుసార్లు తిరగెయ్యనని కుడిచెయ్యెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఎదురుగా కొత్త అద్దంలో ఒకావిడ ఎడంచెయ్యెత్తి నవ్వుతోంది. ఆవిడ మాట నమ్మకండి.