పథ్యంలో చేరిన కాచిన నీళ్ళు

నా చిన్నప్పుడు నగరం అంచున ఉన్న పుప్పాలగూడలో ఎవరి కళ్ళు పచ్చబడినా ముందు మా గడపే తొక్కేవారు. మా నానమ్మ పచ్చకామెర్లకు పసరు పోసేది. ఆమె చెప్పిన పథ్యం ఊళ్ళో ఎవరూ దాటేవారు కాదు.

నేను అయిదో తరగతిలో ఉండగా, వానలు మొదలవగానే మా బడిలో పిల్లలు ఒక్కొక్కరే కామెర్లతో మంచాన పడసాగారు. అప్పటికి మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్నాయి. మా చుట్టుపక్కల ఎక్కడ చూసినా తవ్వకాలే. నల్లా నీళ్ళు మట్టిరంగులో, ఒక్కోరోజు వాసనతో వచ్చేవి. బడి వల్లే కామెర్లు వస్తున్నాయని కొందరు, తవ్వకం పనికొచ్చిన కూలీల పిల్లల వల్లేనని కొందరు అనడం మొదలుపెట్టారు.

ఆ ఏడే మా బడికి కొత్త హెడ్మాస్టరమ్మ వచ్చింది. కోస్తా ఆవిడ. మేం పెద్ద మేడమ్ అనేవాళ్ళం. తల్లిదండ్రులను పిలిచి నీళ్ళు కాచి తాగమని, ఒంట్లో బాగోకపోతే డాక్టరుకు చూపించమని చెప్పింది. అందరూ తలలూపారు. తిన్నగా మా ఇంటికొచ్చి పసరు తాగి, ఆ నల్లా నీళ్ళతోనే నోరు పుక్కిలించారు.

ఒక సాయంత్రం మేడమ్ మా ఇంటికి వచ్చింది. గొడవ తప్పదనుకున్నాను. నానమ్మ కూడా అందుకు సిద్ధమైనట్టు కొంగు బిగించుకుని కూర్చుంది. మేడమ్ మాత్రం మంచం వాల్చినా కూర్చోకుండా నేల మీద ఆమెకు ఎదురుగా కూర్చుంది.

“పెద్దమ్మగారూ, ఈ ఊరు నా మాట వినడం లేదండి. మీ మాటైతే వింటుంది. మీ సాయం కావాలండి.”

“నా పసరు బంద్ చెయ్యమంటవా?” అంది నానమ్మ.

మేడమ్ అబద్ధమాడలేదు. పసరు మీద తనకు నమ్మకం లేదని, డాక్టర్లు కూడా వద్దంటున్నారని చెప్పింది. “మీ పథ్యంలో కాచిన నీళ్ళు చేర్చండి. వాంతులు ఆగకపోయినా, పిల్లలు మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి పంపించండి” అని బతిమాలింది.

“నీళ్ళు కాగవెట్టుమంటె కాగవెడ్తరు గని, కట్టెలు యాడికెల్లి తెస్తరు బిడ్డా?” అని నానమ్మ అడిగింది.

ఆ సంగతి మేడమ్‌కు అంతవరకు తట్టలేదు. మర్నాడే కట్టడాల దగ్గర పారేసిన చెక్కలు అడిగి తెప్పించింది. బడి ఆవరణలో పొయ్యి వేయించి, పెళ్ళిళ్ళలో వాడే పెద్ద గుండిగ ఎక్కించింది. కాచి చల్లార్చిన నీళ్ళు ఇళ్ళకు కూడా పట్టుకెళ్ళమంది. పొయ్యి పక్కన పెత్తనమంతా మా నానమ్మదే. ఒక కూలీ పిల్ల వెనక వరుసలో నిలబడనని ఒకాయన గొణిగితే, “ఆ పోరి మంచిగుంటెనే నీ పోరడు మంచిగుంటడు. లైన్ల నిలవడు!” అని గద్దించింది. ఆయన నిలబడ్డాడు.

మేడమ్ రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, ఎవరికి ఎలా ఉందో అడిగినవాళ్ళందరికీ చెప్పేది. తవ్వకాల్లో నీళ్ళ పైపు ఎక్కడ పగిలి మురుగు కలుస్తోందో ఇంకా తెలియదని కూడా దాచకుండా చెప్పేది. పుకార్లు నెమ్మదిగా సద్దుమణిగాయి.

ఒక మధ్యాహ్నం, బడిలో నా పక్కన కూర్చునే స్నేహితురాలిని వాళ్ళమ్మ చేతులమీద మోసుకొచ్చింది. నానమ్మ ఆ పిల్ల కనురెప్ప ఎత్తి చూసింది, పేరు పెట్టి పిలిచింది. పలుకు లేదు. పసరు గిన్నె వైపు సాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. “ఇది నాతోని గాదు. జల్ది దవాఖానకు వోదం నడువు, నేను గూడ వస్త” అంటూ లేచింది. వీధిలో నలుగురూ చూస్తుండగానే ఆటో ఎక్కింది. కబురు అందుకుని మేడమ్ కూడా వెళ్ళింది.

వాళ్ళు తిరిగొచ్చేదాకా నేను అరుగు దిగలేదు. బతుకుతుందని నానమ్మ చెప్పగానే ఏడ్చేశాను. ఆ రోజు తర్వాత ఎవరికి కామెర్లు వచ్చినా నానమ్మే ముందు దవాఖానకు తోలేది. పగిలిన చోటు దొరికి, పైపు బాగుచేశారు. చలికాలం వచ్చేసరికి జబ్బు తగ్గుముఖం పట్టింది. నా స్నేహితురాలు బక్కచిక్కి, నవ్వుతూ బడికి వచ్చింది.

ఇప్పుడు నేనూ ఒక బడికి పెద్దని. మొన్నటి మహమ్మారి రోజుల్లో టీకా అంటే మా బస్తీ జనం బెదిరిపోతుంటే నేను ఉపన్యాసం ఇవ్వలేదు. అక్కడ అందరూ ఎవరి మాట వింటారని పిల్లలను అడిగాను. వీధి చివర బట్టలు కుట్టే అవ్వ మాట అన్నారు. ఆ సాయంత్రమే వెళ్ళి, “అవ్వా, నాకు నీ సాయం కావాలె” అన్నాను. ఆమె మిషన్ ఆపి, నావైపు తిరిగింది.