గుడ్డు పట్టిన గుండు

ఉడికిన కోడిగుడ్డు పెంకు తీయగానే, ఇంకా ఉప్పూ మిరియాల పొడీ దాకా వెళ్లకముందే, ఒక వెచ్చటి గంధకపు వాసన గుప్పుమంటుంది చూడండి, దానికి కొందరికి ఆకలేస్తుంది, కొందరికి కడుపులో తిప్పుతుంది, నాకు మాత్రం ఫిరంగులు గుర్తొస్తాయి. దోహాలోని అల్ మన్సూరాలో మా మూడో అంతస్తు ఫ్లాటులో పొద్దున్నే స్కూలుకి పరిగెత్తేముందు (నేను టీచరునే, పరుగు మాత్రం పిల్లలతో సమానం) నిలబడే గుడ్డు ఒలుచుకుంటుంటే, స్టవ్ పక్కన గరిటెలూ అట్లకాడా అప్పడాల కర్రా గుచ్చిన మూరెడెత్తు నల్లటి ఇత్తడి గొట్టం ఒకటి నావైపే చూస్తుంటుంది. అది ఒకప్పుడు ఫిరంగి గుండు తొడుగు. గుండుకీ గుడ్డుకీ మధ్య పెద్ద తేడా ఏముంది, ఒక సున్నాయే కదా అని మీరనొచ్చు. ఆ సున్నా కూడా లేకుండా మా ఇంట్లో ఒక వారం గడిచింది.

నా చిన్నతనమంతా అల్ రయ్యాన్‌లో ఒక పెద్ద విల్లా వెనక, ప్రహరీ గోడని ఆనుకుని ఉన్న రెండు గదుల్లో గడిచింది. మాది కడప వైపు పల్లె. నాయన ఆ ఇంటి డ్రైవరు, అమ్మ ఆ ఇంటి వంటమనిషి, నేను ఆ ఇంటి అల్లరి. ఇంటి పెద్దాయన్ని మనవలూ పనివాళ్లూ కూరగాయల బండివాడూ అందరూ బాబా అనే పిలిచేవాళ్లం. ఆయన కుర్రతనంలో సైన్యంలో ఫిరంగి దగ్గర పనిచేశాడట. రిటైరయ్యాక అందరూ డేగల్నీ ఒంటెల్నీ పెంచుకుంటుంటే ఈయన ఫిరంగి గుండ్లు పెంచుకున్నాడు. పెంచుకోవడమంటే పెద్దగా మేత ఖర్చేమీ లేదు. అన్నీ చచ్చినవే. మందు తీసేసి, పక్కన బొక్క పొడిచి, ఇది ఇక పేలదు అని ముద్ర వేసిన కాగితం జతచేసినవి. కాగితం లేనిదాన్ని గడప దాటనిచ్చేవాడు కాదు. ఇసుకలో ఎక్కడైనా ఇనుము కనబడితే ముట్టుకోకుండా వెనక్కి పరిగెత్తి పెద్దవాళ్లకి చెప్పాలని, మిగతా పిల్లలకి వాళ్ల తాతలు దయ్యాల కథలు చెప్పినంత శ్రద్ధగా, నాకు బాబా చెప్పేవాడు. ఆ గదిలో పేలగలిగేదాన్ని నేనొక్కదాన్నే అని అమ్మ అనేది.

అతిథులు కూర్చునే మజ్లిస్ వెనక ఆ గది ఉండేది. నాలుగు గోడలకీ అరలు, అరల నిండా గుండ్లు: బొటనవేలంతవి, చెంబంతవి, బిందెంతవి, నా అంతవి. కొన్ని పచ్చరంగు ఒలిచేసినట్టు, కొన్ని ఆవకాయ జాడీ అడుగులా ఎర్రనల్లగా, కొన్ని ఎవరో ఎప్పుడో పట్టుకున్న వేళ్ల ముద్రలతో సహా. కాఫీలో వేసే యాలకుల వాసనా, తివాచీల్లో ఇంకిపోయిన ఊదు పొగా, ఏసీ చల్లదనంలో తడిసిన ఇత్తడి వాసనా కలిసి ఆ గదికి ఒక విచిత్రమైన పరిమళం ఉండేది, ఇప్పుడు ఎంత ముక్కు ఎగబీల్చినా అలాంటిది దొరకదు. గది తాళం నాయన దగ్గరుండేది. కారు తాళం డ్రైవరు దగ్గర ఉండటంలో వింతేముంది, ఈ తాళం ఉండటమే నాయన గొప్ప. ఊరికి ఫోను చేసినప్పుడు మా అవ్వ "దుబాయ్‌లో వానలు పడినాయా" అని అడిగితే, ఇది దుబాయ్ కాదమ్మా అని దిద్దడం మానేసినవాడు కూడా, తాళం సంగతి మాత్రం మర్చిపోకుండా చెప్పేవాడు.

సెలవు రోజుల్లో నాయన దుమ్ము దులుపుతుంటే నేను ఆ గదిలో బడి నడిపేదాన్ని. గుండ్లన్నీ ఎత్తు ప్రకారం నిలబడి ఉండేవి కనక వరసలు కట్టించే బాధ లేదు. హాజరు వేసి, ఎక్కాలు చెప్పి, చెప్పనివాళ్లని స్కేలుతో ఒక్కటి వేస్తే ఠంగుమని చాలాసేపు మోగేవి. అంత బుద్ధిగా ఉండే క్లాసు, ఇరవై ఏళ్లుగా వెతుకుతున్నాను, మళ్లీ దొరకలేదు. క్లాసులో మొదటి ర్యాంకు బాబాకి ప్రాణమైన ఒక మూరెడెత్తు తొడుగుది. దాని ఒళ్లంతా కాచిన నెయ్యి గోధుమరంగు నుంచి కాకి రెక్క నలుపు దాకా రంగులు తిరిగి ఉండేవి. ఆ రంగు రావడానికి ఒక మనిషి జీవితమంత కాలం పట్టిందని, దాన్ని గుడ్డతో కూడా గట్టిగా తుడవకూడదని బాబా నాయనకి చెప్పాడు, నాయన నాకు చెప్పాడు. అమ్మకి చెప్పాలని ఇద్దరికీ తోచలేదు.

చలికాలం వచ్చిందంటే బాబా ఎడారిలో గుడారం వేయించేవాడు. దోహా అంతా స్వెట్టర్లు వేసుకుని వణుకుదామని ఉత్సాహపడే రోజులు. రోడ్ల పక్కన కరక్ టీ పొగలు, ఇళ్లముందు కట్టెల మోపులు, అమ్మ చేతి ఉగ్గానీ మీద బజ్జీలు. ఆ ఏడు బాబా నాయన్ని తీసుకుని గుడారానికి వెళ్తూ, వారం తిరిగేలోగా కువైట్ నుంచి తన పాత స్నేహితుడు, తనలాంటి గుండ్ల పిచ్చివాడే, గది చూడటానికి వస్తాడని, మజ్లిస్ అంతా శుభ్రం చేయించమని చెప్పాడు. నాయన తాళం అమ్మకిచ్చి వెళ్లాడు.

శుభ్రం అనే మాట అమ్మ చెవిన వేస్తే ఆ తర్వాత జరిగేదానికి ఎవరూ పూచీ కాదు. తివాచీలు దులిపింది, ఫ్యాను రెక్కలు తుడిచింది, గుండ్ల గది తలుపు తీసింది, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఇంత ఇత్తడి పెట్టుకోని ఇట్లనా ఉంచుకునేది," అంది. ఇంటిపని తెలిసిన ఏ ఆడమనిషైనా చేసేదే చేసింది: అన్నిట్లోకీ మురికిగా ఉన్నదాన్ని ముందు తీసుకుంది. అంటే అన్నిట్లోకీ విలువైనదాన్ని. నానబెట్టిన చింతపండు గుజ్జూ రాళ్లుప్పూ నేనే అందించాను, పీచు కూడా నేనే తెచ్చిపెట్టాను. కాబట్టి ఈ నేరంలో నా వాటా నాకుంది. మా పెరటి కుళాయి కింద ఒక మనిషి జీవితమంత కాలం నల్లగా కారిపోయి, లోపలినుంచి పెళ్లికూతురి గాజుల్లాంటి బంగారు రంగు బయటపడుతుంటే, నిజం చెప్పొద్దూ, మేమిద్దరం చాలా గర్వపడ్డాం.

గుడారంలోకి నీళ్లూ బొగ్గులూ పట్టుకెళ్లడానికి నాయన ఆ మధ్యాహ్నమే కారేసుకుని వచ్చాడు. ఎండలో ఆరబెట్టిన గుండుని చూసి, కుళాయి గట్టు మీద కూర్చున్నాడు.

"ఏం పని చేసినావే ఇది."

"తోమినా. ఎన్నేండ్ల మురికో ఏమో, గుప్పెడు చింతపండు పట్టింది."

"అది మురికి కాదే. వయసు."

"వయసైతే మాత్రం నీళ్లు పోసుకోగూడదా?"

నాయన ఏడవలేక నవ్వాడో, నవ్వలేక ఏడ్చాడో ఆ వయసులో నాకు తెలియలేదు. తెలిసిందల్లా ఒకే మాట, గల్ఫులో మా బోటి పిల్లలందరికీ అ ఆల కంటే ముందు తెలిసేది: క్యాన్సిల్. బాబాకి కోపమొస్తే వీసా క్యాన్సిల్, నాయన డ్యూటీ, అమ్మ వంటిల్లు, నా బడి, నా రెండో బడి, అన్నీ ఒక్క విమానంలో కడపకి. గుడారంలో బాబా ఇంకో మూడు రోజులుంటాడు. ఆలోపల ఒక జీవితం వెనక్కి తేవాలి.

తోటపని చేసే మల్లన్న మామ సాయానికొచ్చాడు. ఆయనది జగిత్యాల. మా అమ్మ మాట్లాడేది తెలుగే కాదని ఆయనకీ, ఆయన మాట్లాడేది తెలుగే కాదని అమ్మకీ గట్టి నమ్మకం ఉన్నా, ఎలాగో అర్థమైపోయేది. బొగ్గు పూశాం, కడిగితే పోయింది. చిక్కటి టీ డికాక్షన్‌లో నానబెట్టాం, గుండు మరింత తేటగా తయారైంది, టీ తాగిన మనిషిలా. "పొయిల వెట్టి కాలుద్దామా" అని మల్లన్న మామ అంటే, ఫిరంగి గుండుని పొయ్యిలో పెడితే ప్రహరీ అవతలివాళ్లు ఏమనుకుంటారని అమ్మ ఆపింది. అప్పుడే అమ్మకి గుర్తొచ్చింది: గుడ్లు తినేరోజు వెండి చెంచాలు బల్లమీద పెట్టొద్దని, నల్లబడతాయని, ఆ ఇంటి యజమానురాలు తనని మొదటివారంలోనే కోప్పడటం.

రెండు ట్రేల గుడ్లు ఉడికాయి. వేడివేడిగా చిదిమి, చెత్తసంచిలో గుండుతో పాటు వేసి, మూతి బిగించి మా మంచం కింద పెట్టింది అమ్మ. సంచిలోకి పట్టని గుడ్లు పులుసయ్యాయి, వేపుడయ్యాయి, పొరుటయ్యాయి, సంగటిలోకి నంజుడయ్యాయి. "గిన్ని గుడ్లు ఎవలు దింటరు వదినా," అని అడిగి, జవాబు రాకముందే, "నేనుండంగ రంది ఎందుకు," అని మల్లన్న మామే కూర్చున్నాడు. మూడు రోజులు మా గదుల వాసన వర్ణించను. స్కూలు బస్సులో నా పక్కసీటు ఖాళీగా ఉండేదని చెబితే చాలు. నాయన మాత్రం ఎడారిలో బాబా పక్కన కూర్చుని, ఎదురుగా మంటలో కాలుతున్న మాంసాన్ని చూస్తూ, మొహం మామూలుగా పెట్టుకునే డ్యూటీ చేశాడు. అన్నిట్లోకీ కష్టమైన పని ఆయనదే.

మూడోనాడు సంచి విప్పితే, ఆశ్చర్యం, గోధుమరంగుతో మొదలై కాకి నలుపు దాకా రంగులు తిరిగింది. ఒకచోట పచ్చసొన అంటుకున్నంత మేర నెలవంకలాగా మచ్చ పడింది. తెచ్చి అరలో పెట్టాం. ఊదు పొగ రెట్టింపు వేశాం.

అతిథి భూతద్దం తెచ్చుకునే రకం. ఒక్కో గుండూ చూసి పెదవి విరుస్తూ, ముద్రలు చదువుతూ వచ్చి, మా గుండు దగ్గర ఆగిపోయాడు. తలుపు సందులోంచి అమ్మా నేనూ చూస్తున్నాం. నెలవంక మచ్చ మీద అద్దం పెట్టి, ఇలాంటి రంగు సముద్రపు గాలికి యాభై ఏళ్లుంటే తప్ప రాదని, తన జీవితంలో చూడలేదని అన్నాడట. నాయన తర్వాత చెప్పాడు. అంతటితో ఆగితే బాగుండేది. బాబా ఎన్నో ఏళ్లుగా అడుగుతున్న ఒక చిన్న గుండు తన దగ్గరుందని, అదిస్తాను, దీన్ని నాకివ్వమని చెయ్యి చాపాడు. బాబా కళ్లు చిన్నపిల్లాడి కళ్లలా అయిపోయాయి. తన చెయ్యి కూడా చాపబోయాడు.

కాఫీ పళ్లెం పట్టుకున్న నాయన పళ్లెం కింద పెట్టాడు.

"బాబా, హాదా మూ కదీమ్. హాదా బైద్."

ఇది పాతది కాదు, ఇది కోడిగుడ్డు. నాయనకొచ్చిన అరబ్బీ అంతే, దాంతోనే మిగతాదంతా చేతులతో చెప్పాడు: తోమడం, కడగడం, సంచి, మూతి, మంచం. అతిథి గుండుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నాయన జేబులోంచి గది తాళం తీసి పళ్లెంలో పెట్టాడు. బాబా తాళం తీసుకుని తన జేబులో వేసుకున్నాడు.

ఆ సాయంత్రం అమ్మ పెట్టెలు కిందికి దించింది. "ఆయప్ప మెచ్చుకుంటానే ఉన్యాడు గదా, నోరు మూసుకోని ఉండగూడదా?"

"బాబా మనల్ని నమ్మి తాళం ఇచ్చినాడు. ఆయప్ప చేతనే ఇంకొకాయప్పకి గుడ్డు అంటగట్టిస్తే, మళ్లా ఆ తాళం నేను యాడ పెట్టుకునేది?"

బాబా కోప్పడలేదు. ఎప్పుడూ ముందు సీట్లో నాయన పక్కన కూర్చుని, రేడియో తిప్పుతూ, తెలిసిన దారికే దారి చెప్పే మనిషి, ఆ మర్నాటి నుంచి వెనక సీట్లో కూర్చున్నాడు. అంతే శిక్ష. ఇంటి నుంచి మసీదుకి, మసీదు నుంచి ఇంటికి, ఒక్క మాట లేదు. నాయన అన్నం సయించక చిక్కిపోయాడు. గుడ్డు వాసన వస్తే లేచిపోయేవాడు. నేను బడిలో స్నేహితులకి వీడ్కోలు చెప్పి, ఒకమ్మాయి దగ్గర వీడ్కోలు కానుకగా సువాసన రబ్బరు కూడా పుచ్చుకున్నాను. అది తిరిగివ్వాల్సొస్తుందని అప్పుడు నాకేం తెలుసు.

శుక్రవారం పొద్దున నాయన అలవాటు ప్రకారం వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. బాబా దాన్ని దాటి ముందుకెళ్లి, ముందు తలుపు తనే తీసుకుని కూర్చున్నాడు. జేబులోంచి తాళం తీసి స్టీరింగు ముందు పెట్టాడు. "యల్లా," అన్నాడు. నాలుగు వీధులు దాటాక, ఎన్ని గుడ్లు పట్టాయని అడిగాడట. రెండు ట్రేలని నాయన చెప్పగానే, కారు ఆపించి మరీ నవ్వాడట.

ఆ తర్వాత మజ్లిస్‌కి ఎవరొచ్చినా బాబా ముందు చూపించేది ఆ గుండునే. ఇది ఎంత పాతదో చెప్పుకోండి అని అడిగి, వాళ్లు ఇరవై అనో యాభై అనో అన్నాక, మూడు రోజులు అని చెప్పి, అమ్మని పిలిపించేవాడు. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడేది. నేను కాలేజీలో చేరిన ఏడు ఆ గుండుని, దాని కాగితంతో సహా, నాకిచ్చేశాడు.

ఇప్పుడు బాబా లేడు. విల్లా ఉన్నచోట వెడల్పాటి రోడ్డు పడింది. మా కుళాయి గట్టు ఏ లైనులో ఉండేదో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా లెక్కేస్తాను, తేలదు. గుండ్లు తలా ఒక ఇంటికి చెదిరిపోయాయి. మల్లన్న మామ జగిత్యాలలో కోళ్ల ఫారం పెట్టాడని విన్నాను, ఆశ్చర్యం కలగలేదు. నాయన కడపలో, చేతిలో ఏ తాళమూ లేకపోతే తోచదని, వీధిలో అందరి ఇళ్ల తాళాలూ తన దగ్గర పెట్టించుకుంటున్నాడు.

స్టవ్ పక్కన ఈ గొట్టం మాత్రం ఏ యేటికాయేడు రంగు తిరుగుతూనే ఉంది. తాలింపు ఆవిరీ, సముద్రపు గాలీ, చేతి చెమటా దానికి పట్టి, నెలవంక మచ్చ చుట్టూ కొత్త నలుపు ఒకటి కమ్ముకుంది. గుడ్డు ఎక్కడ ఆగిందో, ఏళ్లు ఎక్కడ మొదలయ్యాయో ఇప్పుడు ఏ భూతద్దానికీ అందదు. బాబా ఉంటే పందెం వేసేవాడు.

నిన్న సాయంత్రం అమ్మ వీడియో కాల్ చేసింది. నా వెనక వంటిల్లంతా ఒకసారి చూసి, నా ఆరోగ్యం అడక్కముందే అంది: "ఏమ్మే, ఆ నల్లదాన్ని ఇంకా అట్లనే పెట్టుకున్యావా? ఇంట్లో చింతపండు లేదా?"